గోల్ఫ్ మైదానంలోకి మన పిల్లలు

(సండే స్కూల్ ఉపాధ్యాయులు, యువజన నాయకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరు, కోలారు, చెన్నై, ముంబై, షోలాపూర్, బరంపురం, రాయగడ, యానాం. ఇన్ని చోట్ల నుంచి వచ్చి ఇక్కడ కూర్చున్నాం. మనలో కొందరి తాతలు గనుల్లో పనికి వచ్చారు. కొందరి తాతలు మగ్గం పట్టుకుని వచ్చారు. కొందరు ఎక్కడికీ కదల్లేదు, వాళ్ళు ఉన్నచోటనే ఉండగా రాష్ట్రాల గీతలు మారాయి. ఎలా వచ్చినా ఇప్పుడు అందరికీ ఒకటే చింత: మన పిల్లలు.

పిల్లల పరిచర్య గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. గోల్ఫ్ గురించి మాట్లాడతామని చెప్పగానే కొందరు నవ్వారు. "పాస్టరుగారూ, స్కూలు ఫీజులకే దిక్కులేదు, గోల్ఫ్ ఎక్కడిది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట. మన పిల్లలకు గోల్ఫ్ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు, ఎప్పుడో పరిచయమైంది. బస్తీ పక్కనే మైదానం ఉన్నచోట తల్లి గడ్డి పనికి వెళుతుంది. తండ్రి గేటు దగ్గర కాపలా. చిన్నోడు గోడ దూకి, తప్పిపోయిన బంతులు ఏరి అమ్ముతాడు. పెద్దోడు బ్యాగు మోస్తాడు. ఆ ఇంటిల్లిపాదికీ గోల్ఫ్ తెలుసు. ఆడటం మాత్రం ఎవరికీ తెలియదు.

ఆమధ్య మేము ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని ఒక క్లబ్బు గేటు దగ్గరికి వెళ్ళాం. సెక్యూరిటీ అన్న మమ్మల్ని చూసి, "గడ్డి పనికా, బ్యాగులకా?" అని అడిగాడు. ఆ అన్న చెడ్డవాడు కాదు. ఆయన పిల్లలూ మన పిల్లల్లాంటివాళ్ళే. ఆ గేటు దగ్గర మూడో ప్రశ్న ఒకటి ఉండవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. "ఆడటానికా?" అన్న ఆ మూడో ప్రశ్న కోసమే మనం పని చేయాలి.

ఈ ఆట ఎవరిది?

గోల్ఫ్ అంటే బెదిరిపోవద్దు. మనకు గోళీలాట తెలుసు. గుంత తవ్వి, వేలితో గోళీని అందులో పడేస్తాం. బిళ్ళంగోడూ తెలుసు. కర్రతో బిళ్ళను లేపి దూరంగా కొడతాం. ఈ రెండూ కలిపితే గోల్ఫ్. దూరాన ఉన్న గుంతలోకి బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. అలా 18 గుంతలు పూర్తి చేస్తే ఒక రౌండు. మన వీధుల్లో పుట్టగల ఆటే.

ఇది పుట్టిన స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ అనే ఊరుంది. అక్కడి ఓల్డ్ కోర్సు ప్రపంచ ప్రసిద్ధం. ఆ నేల ఏ కోటీశ్వరుడిదీ కాదు, ఊరి ఉమ్మడి నేల. ఆదివారం మామూలుగా అక్కడ ఆట ఉండదు. ఊరివాళ్ళు పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డి మీద షికారు తిరుగుతారు. అంటే ఆట పుట్టినచోట గేటు లేదు. గేటు తర్వాత వచ్చింది.

మన దేశానికి ఈ ఆట దొరలతో వచ్చింది. కలకత్తాలో 1829లో, బెంగళూరులో 1876లో క్లబ్బులు పెట్టారు. కోలారు బంగారు గనుల దగ్గర దొరల కోసం క్లబ్బు, గోల్ఫ్ మైదానం ఏర్పడ్డాయి. ఆ గనుల్లో దిగినవాళ్ళలో తమిళ సోదరులతో పాటు మన తెలుగువాళ్ళూ ఎందరో. భూమి లోపల మనవాళ్ళు చీకట్లో బండ కొడుతుంటే భూమి పైన వెలుతురులో దొర బంతి కొట్టాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. దొరలు అంతకు ముందే వెళ్ళిపోయారు. అయితే దొర వెళ్ళిన చాలాచోట్ల ఆ కుర్చీలో మన దేశపు పెద్దమనిషి కూర్చున్నాడు. బ్యాగు మోసేవాడు మాత్రం మారలేదు.

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి వృత్తి గోల్ఫర్ల సంఘం, తెల్లవాళ్ళకే సభ్యత్వం అనే నిబంధనను 1961 దాకా తీయలేదు. మాస్టర్స్ పోటీలో మొదటి నల్లజాతి ఆటగాడిగా లీ ఎల్డర్ అడుగుపెట్టేసరికి 1975 వచ్చింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఆ గడ్డి మీద నల్లవాళ్ళు నడిచారు, తెల్లవాళ్ళ బ్యాగులు మోస్తూ.

గోడ దాటినవాళ్ళు

అయినా కొందరు దాటారు. ఢిల్లీలో బ్యాగులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1993లో మళ్ళీ గెలిచాడు. బెంగళూరులో బ్యాగులు మోసిన సి. మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి పెంచే పనివాడు. ఆ కొడుకు చూసి చూసి ఆట నేర్చుకుని, 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

ముంబై చెంబూరులో గోల్ఫ్ క్లబ్బు చుట్టుపక్కల బస్తీల సంగతి అక్కడి మనవాళ్ళకు తెలుసు. పగలు బ్యాగులు మోసిన కుర్రాళ్ళు, ఇనుప కడ్డీని వంచి కర్రగా చేసుకుని, ఇరుకు సందుల్లో ప్లాస్టిక్ బంతితో గోల్ఫ్ ఆడారు. డబ్బాల మధ్య నుంచి, కాలువ మీదుగా, రేకుల కప్పు తగలకుండా బంతిని గురిచూసి కొట్టారు. దేశవిదేశాల ఫొటోగ్రాఫర్లు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళారు.

ఈ కథలు విని మనం చప్పట్లు కొడతాం. కొట్టాలి. కానీ సండే స్కూల్లో లెక్క చెప్పేవాళ్ళం కాబట్టి ఇంకో లెక్క కూడా వేసుకుందాం. ఒక్క చౌరాసియా వెనక అంతే చేతివాటం ఉండి, ఒక్కసారి కూడా కర్ర పట్టకుండానే ముసలివాళ్ళయిపోయినవాళ్ళు ఎందరు? వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ రావు. అద్భుతం జరిగితేనే బీదవాడి బిడ్డ లోపలికి వెళ్ళగలడంటే, అక్కడ న్యాయం లేదన్నమాటే. అద్భుతాలు ప్రభువు చేస్తాడు. న్యాయం చేసే పని మనకు అప్పగించాడు.

ఆటలో ఏముంది?

ఇక పిల్లలకు దీనివల్ల ఏమిటి లాభం అన్న సంగతి.

మొదటిది ఒళ్ళు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆటో పనో కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన బస్తీల్లో ఆడే జాగా ఏదీ? ఉన్న కాస్త ఖాళీలో పార్కింగు వచ్చింది, పిల్లల చేతికి ఫోను వచ్చింది. 18 గుంతల రౌండు నడిచి ఆడితే ఏడెనిమిది కిలోమీటర్లు చెట్ల కింద నడిచినట్టు. పిల్లలకు అందులో సగం చాలు. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ వివరాలు పరిశీలించి 2009లో ఒక అధ్యయనం వెలువడింది. అదే వయసు, అదే ఆర్థిక స్థాయి గల ఇతరుల కంటే వీళ్ళలో మరణాల రేటు 40 శాతం తక్కువని తేలింది. అదంతా ఆట మహిమేనని మేము అనం. నడక, గాలి, స్నేహం కలిస్తే మనిషికి మేలు అని మాత్రం అంటాం.

రెండోది నిజాయితీ. క్రికెట్లో అంపైర్ ఉంటాడు, అతను చూడకపోతే బతికిపోతాం. గోల్ఫ్‌లో చాలా వరకు ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ కొట్టబోతుంటే బంతి కొంచెం కదిలింది. వేరే ఎవరూ చూడలేదు. కదిలిందని తనే చెప్పి, తన లెక్కలో ఒక దెబ్బ కలుపుకున్నాడు. చివరికి సమానమై, ఆపైన జరిగిన ఆటలో ఓడిపోయాడు. ఆ దెబ్బ దాచి ఉంటే కప్పు అతనిదే. అంతరంగాన్ని చూసే దేవుడున్నాడని మనం ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అంటించి చెబుతాం. ఈ ఆటలో పిల్లవాడు ఆ పాఠాన్ని వారానికి పదిసార్లు తన చేతులతో చేసి చూసుకుంటాడు.

మూడోది మేము మరీ ముఖ్యంగా చెప్పదలచుకున్నది. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అనే పద్ధతి ఉంది. బాగా ఆడేవాడూ కొత్తవాడూ కలిసి ఆడాలంటే ఎలా? కొత్తవాడి స్థాయిని బట్టి అతని లెక్కలోంచి కొన్ని దెబ్బలు తీసేస్తారు. 92 దెబ్బలు కొట్టిన అమ్మాయికి 20 తీసేస్తే 72. ఎదుటి ఆటగాడు 74 కొట్టి, అతనికి తీసేయడానికి ఏమీ లేకపోతే, గెలిచింది అమ్మాయే. ఇప్పటి ప్రపంచ నియమాల్లో ఈ హ్యాండిక్యాప్ 54 దాకా ఉండవచ్చు. ఎవరూ దీన్ని అన్యాయం అనరు. దయ అని కూడా అనరు. అది ఆట నియమం. అందరూ ఒకేచోట నుంచి బయలుదేరలేదు కాబట్టి లెక్క సరిచేయాలి, అంతే.

అయితే ఆదివారం క్లబ్బులో హ్యాండిక్యాప్ తీసుకుని కప్పు గెలిచిన పెద్దమనిషే సోమవారం ఆఫీసులో "రిజర్వేషన్ వల్ల ప్రతిభ చచ్చిపోతోంది" అంటాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులు నేటికీ ఎస్సీ హక్కుకు నోచుకోలేదంటే, "మీకెందుకండీ అవి?" అంటాడు. ఆయనతో వాదన పెట్టుకోనక్కరలేదు. "అయ్యా, మీ హ్యాండిక్యాప్ ఎంత?" అని అడిగితే చాలు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని చివరి గంటలో వచ్చిన కూలీకి కూడా నిండు కూలి ఇచ్చాడు. పొద్దున వచ్చినవాళ్ళు సణిగారు. ఆ సణుగుడు ఇంకా వినపడుతూనే ఉంది. మన పిల్లలు హ్యాండిక్యాప్ అంటే ఏమిటో ఆడి నేర్చుకుంటే, రేపు రిజర్వేషన్ గురించి తల దించుకుని మాట్లాడరు.

నాలుగోది, ఈ ఆటలో ఆడపిల్లకూ, వైకల్యం ఉన్న బిడ్డకూ చోటుంది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ అయిదేళ్ళ వయసులో కర్ర పట్టింది. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క దెబ్బ తేడాతో పతకం కోసం పోరాడే అవకాశం తప్పింది. హర్యానా అమ్మాయి దీక్షా దాగర్‌కు పుట్టుకతోనే వినికిడి లోపం. బధిరుల ఒలింపిక్స్‌లో 2017లో వెండి, 2022లో బంగారు పతకం గెలిచి, టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆడింది. వీళ్ళు బస్తీ పిల్లలు కారు, ఆ తేడా దాచం. కానీ వినపడని బిడ్డను ఇంట్లో మూల కూర్చోబెట్టే మన తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి.

అయిదోది బతుకుతెరువు. అందరూ చాంపియన్లు కారు, కానక్కరలేదు. కోచ్, మైదానం నిర్వహణ, గడ్డి శాస్త్రం, నీటి ఏర్పాట్లు, కర్రల మరమ్మతు, ఇవన్నీ గౌరవమైన పనులు. అమెరికాలో చిక్ ఎవాన్స్ అనే ఆటగాడి పూనికతో 1930లో, బ్యాగులు మోసే పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఇద్దరితో మొదలై ఇప్పటికి వేలమంది చదువుకున్నారు. మోసిన బ్యాగు బడికి దారి చూపడం అంటే అది. మన దగ్గర చాలాసార్లు అదే బ్యాగు బడి మాన్పిస్తుంది.

రెండు అభ్యంతరాలు

విశ్వాసుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. శరీర సాధకం కొంచెమే ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాశాడు కదా అంటారు. రాశాడు. ప్రయోజనం లేదని మాత్రం రాయలేదు. మన బిడ్డలకు ఆ కొంచెం కూడా దక్కడం లేదన్నదే మా బాధ. పిల్లలను అడ్డుకున్న శిష్యుల మీద యేసు కోపపడ్డాడని మార్కు 10వ అధ్యాయం చెబుతోంది. ఆయన కోపపడిన సందర్భాలు ఎక్కువ లేవు. అందులో ఇదొకటి.

రెండో అభ్యంతరం ఉద్యమ మిత్రులది. గోల్ఫ్ మైదానాలు నీళ్ళు తాగేస్తాయి, నగరం నడిబొడ్డున భూమిని కొద్దిమంది కోసం పట్టి ఉంచుతాయి, అలాంటి ఆటకు మన పిల్లలను పంపడమేమిటి అంటారు. ఈ మాటలో నిజం ఉంది. 2019లో చెన్నైలో బిందెలు పట్టుకుని లారీల వెంట పరుగెత్తినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం గిండీలో రేసు క్లబ్బుకిచ్చిన 160 ఎకరాల లీజును రద్దు చేసింది. జింఖానా గోల్ఫ్ మైదానం ఆ ఆవరణలోనిదే. అక్కడ చెరువులు, పార్కు వస్తాయంది. వ్యవహారం కోర్టుకెక్కింది.

మా మాట ఇది. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం భూమి దేవునిది, మనం అందులో అతిథులం. ప్రజల భూమి మీద ఆడే ఆటలో ప్రజల పిల్లలకు వాటా ఉండాలి. ఆ వాటా ఇవ్వనంటే ఆ భూమి ఎందుకివ్వాలని అడిగే హక్కు మనకుంది. నీళ్ళ సంగతికి వస్తే, మన దేశంలో నీటి ఎద్దడి ఉన్నచోట్ల పచ్చగడ్డికి బదులు ఇసుకలో నూనె కలిపి చదును చేసిన 'బ్రౌన్ల' మీద ఆడారు. పిల్లలు నేర్చుకోవడానికి ఎకరాల కొద్దీ గడ్డి అక్కరలేదు. యానాంలో గోదావరి ఒడ్డు ఇసుక చాలు. రాయగడలో చర్చి ఆవరణ చాలు.

మనం చేయవలసినవి

ఒకటి. ఈ వేసవి వి.బి.ఎస్.లో రోజూ అరగంట గోల్ఫ్ పెట్టండి. తేలికైన ప్లాస్టిక్ కర్రలు, టెన్నిస్ బంతులు, సుద్దముక్కతో గీసిన గుండ్రాలు, పాత డబ్బాలు చాలు. అసలు గోల్ఫ్ బంతి గట్టిది, తలకు తగిలితే ప్రమాదం. చిన్నపిల్లలకు అది ఇవ్వకండి. కొట్టేవాడి ముందూ వెనకా ఎవరూ నిలబడకుండా గీత గీయండి.

రెండు. మీ ఊళ్ళో మైదానాలు ఎక్కడున్నాయో రాసి పెట్టుకోండి. సైన్యం, ప్రభుత్వ సంస్థల టౌన్‌షిప్పులు, క్లబ్బులు ఏవైనా సరే. వారం మధ్యలో మైదానం ఖాళీగా ఉండే వేళ ఒక గంట మన పిల్లలకు ఇమ్మని అర్జీ పెట్టండి. పాత కర్రలు అడగండి. వేడుకోలుగా కాదు, ఇరుగుపొరుగువాళ్ళం కాబట్టి అడుగుతున్నామని చెప్పండి. క్లబ్బుల్లో మంచి మనసున్న సభ్యులు ఉంటారు. వాళ్ళను ఎవరూ అడగకపోవడమే చాలాసార్లు అడ్డు.

మూడు. బ్యాగులు మోసేవాళ్ళ లెక్క తీయండి. 2016 సవరణ తర్వాత 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. అలాంటి బిడ్డ కనపడితే బడిలో చేర్పించేదాకా వదలొద్దు. పెద్దవాళ్ళకు కూలి రేటు, బీమా, కూర్చోవడానికి నీడ, మంచినీళ్ళు ఉన్నాయా అని అడగండి. పిల్లవాడి చేతికి కర్ర ఇప్పించి తండ్రి భుజం సంగతి మరచిపోతే అది సగం న్యాయమే.

నాలుగు. ఆడపిల్లలు సగం ఉండాలి. ప్రతి గుంపుతో ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు తప్పకుండా అక్క, వెళ్ళాలి. ఏ కోచ్ దగ్గరా పిల్లలను ఒంటరిగా వదలొద్దు.

అయిదు. మైదానం ప్రభుత్వ భూమి అయితే లీజు ఎంత, షరతులేమిటి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పక్క బస్తీ పిల్లలకు ఉచిత శిక్షణ అనేది లీజు షరతుల్లో ఉండాలని ఎమ్మెల్యేకు, కార్పొరేటరుకు రాయండి. దానం ఈ ఏడు ఇస్తారు, వచ్చే ఏడు మానేస్తారు. షరతు నిలబడుతుంది.

పాడైపోయిన యెరూషలేము మళ్ళీ లేచి నిలబడినప్పుడు ఎలా ఉంటుందో జెకర్యా ప్రవక్తకు దర్శనం కలిగింది. 8వ అధ్యాయంలో ఉంది, ఇంటికి వెళ్ళి చదవండి. ఆ వీధుల్లో ముసలివాళ్ళు చేతికర్రలతో కూర్చుని ఉన్నారు. వీధుల నిండా మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. ఆ పట్టణానికి విడుదల వచ్చిందని చెప్పడానికి ప్రవక్త ఎంచుకున్న గుర్తు అది. గోపురం ఎత్తు చెప్పలేదు, పిల్లల ఆట చెప్పాడు.

మన పట్టణాలకు విడుదల వచ్చిందో లేదో మనమూ అలాగే చూద్దాం. ఏ పచ్చిక మీద ఎవరి పిల్లలు ఆడుతున్నారు, ఎవరి పిల్లలు మోస్తున్నారు? ఈ ప్రశ్నను మీ సంఘాలకు పట్టుకెళ్ళండి. వచ్చే ఏడు మళ్ళీ కూడినప్పుడు, మీ దగ్గర ఎంతమంది పిల్లలు కర్ర పట్టారో, ఎంతమంది బ్యాగు దించి బడికి వెళ్ళారో రెండు లెక్కలూ తీసుకురండి.

ప్రభువు మీ పరిచర్యను దీవించును గాక.